లిండిస్ఫార్న్ ద్వీపానికి ఇసుక మీదుగా నడక: పెద్దవాళ్ళతో వెళ్ళవచ్చా?

కోటిలింగాల రేవు

సభ్యులందరికీ నమస్కారం. మా అమ్మానాన్నలు రాజమహేంద్రవరం నుండి వచ్చి ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌లో మా ఇంట్లో ఉన్నారు. నాన్నగారికి 64 ఏళ్ళు, రోజూ గోదావరి గట్టున నాలుగైదు కిలోమీటర్లు నడిచే మనిషి. అమ్మకు 60 దాటాయి, మోకాళ్ళ నొప్పి ఉంది. ఇక్కడికి ఉత్తరాన, బెర్విక్ పట్టణానికి ఇవతల, సముద్రం తగ్గినప్పుడు నడిచి వెళ్ళగలిగే లిండిస్ఫార్న్ అనే ద్వీపం ఉందని, దాన్నే హోలీ ఐలాండ్ అంటారని ఎవరో చెప్పగా విన్నప్పటి నుండి నాన్నగారు ఆ ఇసుక మీద నడవాలని పట్టుబడుతున్నారు.

నేను కౌంటీ కౌన్సిల్ వాళ్ళ సురక్షిత వేళల పట్టిక చూశాను. మేము వెళ్ళదలచిన శనివారం ఉదయం 7.25 నుండి మధ్యాహ్నం 2.20 వరకు దాటవచ్చని అందులో ఉంది. ఇంటి దగ్గర టిఫిన్ ముగించుకుని పది గంటలకు బయలుదేరితే 11.15కు అక్కడికి చేరుతాం. నడక రెండు గంటలే అంటున్నారు కాబట్టి ఒంటిగంటన్నరలోపు ద్వీపంలో ఉంటాం, అంటే ఇంకా యాభై నిమిషాలు చేతిలో ఉంటాయి. ఈ లెక్కలో పొరపాటు ఏమైనా ఉంటే దయచేసి చెప్పండి.

టైన్ తీరం

పొరపాటు ఉంది, అదీ చిన్నది కాదు. దయచేసి ఆ లెక్కతో బయలుదేరకండి.

మీరు చూసిన పట్టిక వాహనాలు వెళ్ళే తారు రోడ్డుకు సంబంధించినది. 1954లో వేసిన ఆ రోడ్డు ఇసుక మైదానం కంటే కాస్త ఎత్తున, చాలా దూరం అంచు వెంబడి చుట్టి పోతుంది. నడిచేవాళ్ళ దారి వేరు. వరుసగా పాతిన పొడవాటి కర్రల గుర్తుతో, ఇసుక మైదానం నడిమధ్య నుండి నేరుగా ద్వీపానికి సాగే ఆ దారిని యాత్రికుల బాట అంటారు. దాదాపు మూడు మైళ్ళు, అంటే ఐదు కిలోమీటర్లు ఉంటుంది. రోడ్డు పొడిగా ఉన్న సమయంలో కూడా ఆ బాటలో కొన్ని చోట్ల మోకాలి లోతు నీళ్ళు ఉండవచ్చు. కాబట్టి రోడ్డు పట్టికలోని చివరి నిమిషాన్ని నడక లెక్కలోకి తీసుకోవడం ప్రమాదకరం.

నడకకు నియమం ఒక్కటే: నీరు తగ్గుతున్నప్పుడు బయలుదేరాలి, పూర్తిగా తగ్గే వేళకు అవతలి గట్టు ఎక్కాలి. మీరు చెప్పిన రోజున పాటు, అంటే నీరు అన్నిటికంటే తక్కువగా ఉండే వేళ, ఉదయం 10.20 ప్రాంతంలో వస్తుంది. మీరు 11.15కు ఇసుకలో అడుగు పెడితే, అప్పటికే దాదాపు గంట నుండి పెరుగుతున్న సముద్రంలోకి పెద్దవాళ్ళను తీసుకుని నడిచినట్లు అవుతుంది. అదే రోజు 8.15కు బయలుదేరితే ఇబ్బంది లేదు.

ఇంకొక మాట. పోయిన దారినే తిరిగి నడిచి రావాలని అనుకోకండి. ఒక పాటు వేళకు ఒక వైపు నడక మాత్రమే. తిరుగు ప్రయాణానికి కారు గాని, బెర్విక్ నుండి ద్వీపానికి నడిచే బస్సు గాని చూసుకోవాలి. ఆ బస్సు వేళలు కూడా సముద్రాన్ని బట్టి మారుతుంటాయి, అన్ని రోజులూ ఉండదు.

నల్లగొండ నడక

టైన్ తీరం గారు కొంచెం ఎక్కువగా భయపెడుతున్నారని నాకు అనిపిస్తోంది. నేను స్నేహితులతో ఈ బాటలో రెండుసార్లు నడిచాను. ఒకసారి సాయంత్రం పాటు ముగిసిన అరగంటకు బయలుదేరాము. చీలమండ దాటి నీరు రాలేదు. మధ్యలో కర్ర నిచ్చెనలున్న ఎత్తయిన గదులు కూడా ఉన్నాయి. ఆలస్యమైతే వాటిలోకి ఎక్కవచ్చు. ఫోటోలు చాలా బాగా వస్తాయి.

భీమిలి వల

నేను పుట్టింది భీమునిపట్నం దగ్గర, వేటకు వెళ్ళే ఇంట్లో. ఇప్పుడు ఓడల్లో పని చేస్తున్నాను. సముద్రం ఎరిగినవాళ్ళం అనుకునే మన కోస్తావాళ్ళే ఇలాంటి చోట్ల ఎక్కువగా మోసపోతారని నా నమ్మకం. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మన విశాఖ తీరంలో పోటుకూ పాటుకూ మధ్య తేడా అమావాస్య, పున్నమి రోజుల్లో కూడా రెండు మీటర్లకు లోపే. నీరు పది అడుగులు ముందుకు వస్తుంది, వెనక్కి పోతుంది. మనం చెప్పులు కాస్త పైకి జరుపుకుంటాం, అంతే. లిండిస్ఫార్న్ దగ్గర పెద్ద పోట్ల రోజుల్లో ఆ తేడా నాలుగు మీటర్లకు పైనే ఉంటుంది. అక్కడి నేల పళ్ళెంలా చదునుగా ఉంటుంది కాబట్టి, నీటి మట్టం ఒక్క అడుగు పెరిగినా వందల అడుగుల మేర ఇసుక మునిగిపోతుంది.

రెండవ విషయం, నీరు ఒకే వేగంతో పెరగదు. పాటు నుండి పోటుకు సుమారు ఆరు గంటలు పడుతుందనుకుంటే, మొదటి గంటలో మొత్తం పెరుగుదలలో పన్నెండో వంతు, రెండో గంటలో రెండు వంతులు, మూడో గంటలోనూ నాలుగో గంటలోనూ మూడేసి వంతుల చొప్పున పెరుగుతుందని నావికులు లెక్క కడతారు. అంటే మొదటి గంటలో ఏమీ జరగనట్లే కనిపిస్తుంది. ఆ ధైర్యంతో మైదానం నడిమధ్యకు చేరేసరికి అసలు నీరు పరుగెత్తడం మొదలవుతుంది. కోటిలింగాల రేవు గారి మొదటి లెక్క ప్రకారం వాళ్ళు సరిగ్గా ఆ మూడో గంటలో ఇసుక మీద ఉండేవారు.

మూడవది, నీరు మనకు ఎదురుగా అలలా రాదు. ఉత్తరం నుండీ దక్షిణం నుండీ పాయల్లోకి ముందు ఎక్కుతుంది. మీ ముందు ఇసుక తడిగా మెరుస్తూ ఉంటుంది, మీ వెనక దాటి వచ్చిన పాయ మాత్రం నిండిపోయి ఉంటుంది. ఇంగ్లండ్ పడమటి తీరాన మోర్‌కామ్ అఖాతంలో 2004 ఫిబ్రవరి 5 రాత్రి గవ్వలు ఏరుతున్న చైనా కూలీలు కనీసం 21 మంది పోటు చుట్టుముట్టి చనిపోయారు. అక్కడ కూడా నేల ఇలాగే చదునుగా ఉంటుంది.

నల్లగొండ నడక గారూ, మీరు వెళ్ళిన రోజులు ఏ తిథుల్లో పడ్డాయో ఒకసారి చూడండి. మా తాతగారు గడియారం చూసేవారు కాదు, తిథి చెబితే పోటు వేళ చెప్పేవారు. అష్టమి దరిదాపుల్లో పోటు నీరసంగా ఉంటుంది. అమావాస్య, పున్నమి గడిచిన ఒకటి రెండు రోజులకు దాని బలం హెచ్చుగా ఉంటుంది. ఈ శనివారం పున్నమి మరునాడు.

సూరత్ మగ్గం

భీమిలి వల గారు పాయల గురించి చెప్పినది నూటికి నూరుపాళ్ళు నిజం. మేము మూడు తరాలుగా సూరత్‌లో ఉంటున్న పద్మశాలీలం. మా వాళ్ళు భావ్‌నగర్ దగ్గర కోలియాక్ వెళుతుంటారు. అక్కడ సముద్రంలో ఒక రాతి తిన్నె మీద నిష్కళంక మహాదేవుడు ఐదు లింగాలుగా కొలువై ఉన్నాడు. కురుక్షేత్రం తరువాత బంధువధ పాపం పోగొట్టుకోవడానికి పాండవులు ప్రతిష్ఠించారని స్థలపురాణం. పోటు సమయంలో జెండా కర్ర తప్ప ఏమీ కనిపించదు. ఖంభాత్ అఖాతంలో నీరు పది మీటర్ల వరకు ఎగిసి దిగుతుంది, మన దేశంలో ఇంత తేడా ఉన్న చోట్లు అరుదు.

అక్కడ జనం ఎలా వెళతారో చూస్తే ఈ నడక మర్మం అర్థమవుతుంది. నీరు పూర్తిగా తగ్గేదాకా ఎవరూ ఆగరు. సముద్రం ఒక్కొక్క అడుగే వెనక్కి వెళుతుంటే దాని వెనకనే నడుస్తారు. మా పెద్దమ్మ దాన్ని ‘సముద్రాన్ని సాగనంపడం’ అనేది. నీరు మళ్ళీ తిరగబడే వేళకు దర్శనం ముగించుకుని ఒడ్డున ఉండాలి. శ్రావణ అమావాస్యకు పెద్ద జాతర జరుగుతుంది, అంటే పాటు బాగా లోతుగా వెళ్ళే రోజునే జాతర పెట్టుకున్నారన్నమాట. తేడా ఏమిటంటే, కోలియాక్‌లో వెళ్ళిన దారినే తిరిగి రావాలి, లిండిస్ఫార్న్‌లో అవతలి గట్టున ఊరు ఉంది.

కోటిలింగాల రేవు

అందరికీ కృతజ్ఞతలు. నా లెక్క తలచుకుంటే ఇప్పుడు చెమట పడుతోంది. ఉదయం 6.30కే ఇల్లు వదిలి 8.15కు నడక మొదలుపెడతాం. అమ్మ సంగతి మాత్రం తేలలేదు. నాన్నగారు నడిచి వెళితే తాను కారులో వెళ్ళడం అమ్మకు చిన్నతనంగా ఉంది. పైకి ఒప్పుకోవడం లేదు గాని, ఐదు కిలోమీటర్ల ఇసుక, బురద ఆమె వల్ల కాదు.

టైన్ తీరం

అమ్మగారికి నా దగ్గర ఒక మంచి ఉపాయం ఉంది. ఆమెను కారులో రోడ్డు మీదుగా ముందే ద్వీపానికి చేర్చండి. ద్వీపంలోని ఊరికి నైరుతి మూలన, సెయింట్ మేరీ చర్చి వెనక ఒడ్డుకు దగ్గరలోనే సెయింట్ కుత్‌బర్ట్ ద్వీపం అనే బుల్లి దిబ్బ ఉంది. అదీ పోటుకు ద్వీపమే, పాటుకు నేల. దాని మీద పాత ప్రార్థనా మందిరపు పునాదులు, ఒక శిలువ ఉంటాయి. ద్వీపానికి కట్టిన ద్వీపం! కొద్ది నిమిషాల నడకలో ఆమె కూడా సముద్రం అడుగున నడిచినట్లే. రాళ్ళ మీద నాచు మాత్రం సబ్బులా జారుతుంది, చెయ్యి పట్టుకుని నడిపించాలి. అక్కడ కూడా నీరు తిరిగి వచ్చేలోపే ఒడ్డుకు రావాలన్నది మరచిపోకండి.

ఎత్తయిన గదుల గురించి నల్లగొండ నడక గారు రాశారు కనుక ఒక మాట. అవి మన పొలాల్లో మంచెల్లాంటివి. ప్రాణం కాపాడుకోవడానికి కట్టినవే తప్ప విశ్రాంతికి కాదు. పోటులో ఒకసారి ఎక్కితే మళ్ళీ నీరు దిగేదాకా గంటల తరబడి తడిబట్టలతో, ఆ గాలిలో కూర్చోవాలి. లేదంటే 999కు ఫోన్ చేసి కోస్ట్‌గార్డ్‌ను అడిగితే పడవ రావాలి. ప్రతి ఏడాదీ కార్లవాళ్ళు కూడా ఇలాగే చిక్కుకుంటూ ఉంటారు.

గాలివానలు ఉన్న రోజు, పొగమంచు దిగిన రోజు నడక మానుకోండి. వాయుపీడనం పడిపోయి గాలి సముద్రం నుండి ఒడ్డుకు తోస్తుంటే, పట్టికలో వేసిన దానికంటే నీరు ముందే వస్తుంది.

పాత పుస్తకం

నడక లెక్కలు తేలిపోయాయి కాబట్టి, అసలు ఆ కర్రల వెంట జనం ఎందుకు నడుస్తారో కూడా నాన్నగారికి చెప్పండి. 635లో నార్తంబ్రియా రాజు ఆస్వాల్డ్ పిలుపు మీద స్కాట్లండ్ పడమటి తీరాన ఉన్న అయోనా ద్వీపం నుండి ఐడన్ అనే సన్యాసి వచ్చి ఇక్కడ మఠం స్థాపించాడు. తరువాత వచ్చిన కుత్‌బర్ట్ 687లో దగ్గరలోని ఇన్నర్ ఫార్న్ దీవిలో ఏకాంతవాసంలో మరణించాడు. 11 ఏళ్ళ తరువాత సమాధి తెరిస్తే శరీరం చెడిపోకుండా ఉందన్న కథ వ్యాపించడంతో యాత్రికుల రాక మొదలైంది. 793 జూన్‌లో వైకింగులు ఓడల మీద వచ్చి మఠాన్ని దోచుకున్నారు. పాదచారులను వెనక్కి నెట్టే పోటు ఓడలో వచ్చేవాడిని ఆపలేదు కదా.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇక్కడ తయారైన సువార్తల ప్రతి. 698 నుండి 721 వరకు బిషప్‌గా ఉన్న ఈడ్‌ఫ్రిత్ దూడతోలు మీద లాటిన్‌లో రాసి బొమ్మలు వేశాడని చెబుతారు. దాదాపు 250 ఏళ్ళ తరువాత ఆల్డ్రెడ్ అనే మతాచార్యుడు లాటిన్ పంక్తుల మధ్య చిన్న అక్షరాలతో తన కాలపు ఇంగ్లీషులో మాటకు మాట అర్థం రాశాడు. మన సంస్కృత కావ్యాలకు టీకా రాసుకున్నట్లే. ఇంగ్లీషులో మిగిలి ఉన్న సువార్తల అనువాదాల్లో అదే అతి పురాతనమైనది. అసలు ప్రతి లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది, ద్వీపంలో కనిపించదు. ఈ సంగతి తెలియక అక్కడికి వెళ్ళి నిరాశపడిన వాళ్ళలో నేనూ ఒకణ్ణి.

అమ్మగారికి: ఒడ్డున గులకరాళ్ళలో నడుమ చిల్లు ఉన్న చిన్న రాతి పూసలు దొరుకుతాయి. క్రినాయిడ్ అనే ప్రాచీన సముద్రజీవి కాడల శిలాజాలు అవి. వాటిని కుత్‌బర్ట్ పూసలని పిలిచి, జపమాలలుగా గుచ్చుకునేవారు.

నల్లగొండ నడక

భీమిలి వల గారు అడిగినట్లు ఫోన్‌లో పాత ఫోటోల తేదీలు తీసి పంచాంగంతో సరిచూశాను. ఒకటి సప్తమి, ఇంకొకటి నవమి. నా మొదటి జవాబును నమ్మి ఎవరూ బయలుదేరవద్దని మనవి.

కోటిలింగాల రేవు

శనివారం వెళ్ళి వచ్చాము. మాట ఇచ్చిన ప్రకారం వివరాలు రాస్తున్నాను.

మా ఆవిడ, అమ్మ కారులో రోడ్డు మీదుగా వెళ్ళారు. నాన్నగారు, నేను 8.20కు ఇసుకలో దిగాము. మాతో పాటు మరో పాతిక మంది దాకా ఉన్నారు, చాలామంది బూట్లు విప్పి మెడలో వేసుకున్నారు. మేము కూడా అలాగే చేశాము. బీచ్ ఇసుకను ఊహించుకుని వెళితే కాదు: గట్టిగా, చల్లగా, అలల ముడతలు అరికాళ్ళకు గుచ్చుకునేలా ఉంది. ప్రతి అడుగుకూ ఇసుక పురుగులు పైకి తోసిన చుట్టలు. అచ్చం జంతికల గిద్దె నుండి అప్పుడే దిగినట్లున్నాయి. నాన్నగారు వాటిని తొక్కకుండా నడవాలని కొంతసేపు ప్రయత్నించి మానుకున్నారు. రెండు చోట్ల నల్లటి ఒండ్రు పిక్కల వరకు పట్టేసింది. అక్కడ ఆగితే కాలు ఇంకా దిగుతుందని వెనక నుండి ఒక పెద్దావిడ హెచ్చరించింది. ఒక పాయలో నీరు మోకాళ్ళను తాకింది, అంత చల్లటి నీటిలో ఆయన “గోవిందా” అన్నది కర్రల వరుస పొడవునా వినబడి ఉంటుంది.

సగం దూరంలో ఒక వింత శబ్దం మొదలైంది. ఎక్కడో పిల్లలు ఏడుస్తున్నారేమోనని నేను కంగారుపడ్డాను. దూరంగా ఇసుక మేటల మీద పడుకున్న సీల్ జంతువుల అరుపులట. గాలి దిశ మారినప్పుడల్లా ఏడుపు కాస్తా పాటలా మారుతుంది. ఆ మైదానంలో మరే చప్పుడూ లేదు.

నాన్నగారు నడిచినంతసేపూ చిన్నప్పుడు వేసవిలో గోదావరి ఎండిన ఇసుక మీదుగా లంకకు నడిచి, పుచ్చకాయలు మోసుకుని వచ్చిన సంగతులే చెప్పారు. మంచె దగ్గర ఆగి, దాని నిచ్చెన మెట్ల మీద ఎంత ఎత్తు వరకు నాచు పట్టిందో చేత్తో కొలిచి చూశారు. ఆయన తల కంటే పైన ఉంది. ఆ తరువాత లంక కబుర్లు ఆపి, కాస్త వేగంగా నడిచారు.

10.15కు ఊరి గట్టు ఎక్కాము. అమ్మను కుత్‌బర్ట్ దిబ్బకు తీసుకువెళ్ళాము. నాచు రాళ్ళ మధ్య నాన్నగారు చెయ్యి అందిస్తే, “మీరు ఒక్కరే నడిచి వచ్చారుగా, నేనూ నడుస్తాను” అని నా భుజం పట్టుకుంది గాని ఆయన చెయ్యి పట్టుకోలేదు. శిలువ దాకా వెళ్ళి, చుట్టూ ఒకసారి చూసి, నీరు ఎప్పుడు వస్తుందని మూడుసార్లు అడిగి వెనక్కి తిరిగింది. రేవు దగ్గర హెర్రింగ్ చేపలు పట్టే పాత పడవలను బోర్లించి, తలుపు పెట్టి సామాన్ల గదులుగా వాడుకుంటున్న వాటిని మాత్రం చాలాసేపు చూసింది. పూసలు ఒక గంట వెతికితే రెండు దొరికాయి.

ఒంటిగంటకే ద్వీపం వదిలాము. కాని ఇవతలి ఒడ్డున కారు ఆపి చూశాము, అదే ఈ ప్రయాణంలో నేను మరచిపోలేని భాగం. పట్టిక గడువు 2.20కు రోడ్డు పూర్తిగా పొడిగా ఉంది. మరో పది నిమిషాలకు ఒక కారు వచ్చి ఆగింది, కిటికీ దించి నీటికేసి చూసింది, వెళ్ళిపోయింది. అది దాటినట్లే అనిపించింది. తరువాత అరగంటకు వంతెన దగ్గర రోడ్డు మీద పల్చటి నీటి చీలిక ఒకటి కనిపించింది, చూస్తుండగానే రెండు వైపులా నీళ్ళు కలిసిపోయాయి. అల లేదు, చప్పుడు లేదు. మేము పొద్దున నడిచిన కర్రలు అప్పటికే నీళ్ళలో నిలబడి ఉన్నాయి.

సూరత్ మగ్గం

చదువుతుంటే పెద్దమ్మ గుర్తుకు వచ్చింది. కాళ్ళ ఒండ్రు ఎక్కడ కడుక్కున్నారో కూడా రాయండి. వచ్చే నెల మా తమ్ముడు లండన్ నుండి వెళతానంటున్నాడు.

కోటిలింగాల రేవు

కారులో ఐదు లీటర్ల నీళ్ళ డబ్బా ఒకటి, పాత తువ్వాలు రెండు పెట్టుకోమనండి. మేము తాగడానికి తెచ్చుకున్న సీసాలతో కడుక్కుని, ఇంటికి వచ్చేదాకా దాహంతో ఉన్నాము. ఇంకా సీట్ల మధ్య ఇసుక రాలుతూనే ఉంది.

టైన్ తీరం

తమ్ముడిగారు ఏ రోజు వెళ్ళదలచారో ఇక్కడ రాస్తే, బయలుదేరవలసిన వేళ చూసి చెబుతాను. తేదీ తేలకుండా రైలు టిక్కెట్లు మాత్రం కొనవద్దనండి.